పచ్చమేతకు పాతర: విర్తానెన్ పండితుని పరిశోధనలు

వానకారున మన పల్లెలలో గట్లనిండ పచ్చగడ్డి పెరుగును. వేసవి వచ్చుసరికి పశువుల ముందు వరిగడ్డియో, జొన్నచొప్పయో తప్ప వేరేమియు మిగులదు. పాలు తగ్గును, ఎడ్లు బక్కచిక్కును. ఒక కాలమున మిగులు, మరియొక కాలమున కరవు. ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. మంచుదేశమైన ఫిన్లండులో ఇట్టి చిక్కే ఒక రసాయన శాస్త్రజ్ఞుని జీవితకృషికి మూలమైనది. ఆయన పేరు ఆర్తూరి ఇల్మరి విర్తానెన్.

విర్తానెన్ 1895వ సంవత్సరమున హెల్సింకి నగరములో జన్మించిరి. విశ్వవిద్యాలయ విద్య పూర్తియైన పిదప పాడిరైతుల సహకార సంస్థయైన వాలియో వారి ప్రయోగశాలలో చేరి, కొలది కాలమునకే దానికి అధిపతి యైరి. పాలు, వెన్న చెడుటకు గల కారణములను శోధించుచు పశువుల మేతపై దృష్టి నిలిపిరి.

ఆ దేశమున చలికాలము దీర్ఘమైనది. నెలల తరబడి పొలములు మంచుక్రింద నుండును. గడ్డిని ఎండబెట్టి దాచినచో పోషకపదార్థములు కొంత నశించును. పచ్చిగా పాతరవేసినచో ఒక్కొక్కప్పుడు కుళ్లి, మాంసకృత్తులు విరిగిపోవును. ఆ దుర్వాసన పాలకును అంటును. మేతలోని పులుపు తగినంత పెరిగినచో ఈ నష్టము ఆగునని విర్తానెన్ కనుగొనిరి. పులుపును తెలుపు పి.హెచ్. కొలత 4కు దిగువ నుండవలెను. అందులకై పలుచని హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లములను పచ్చమేతపై చల్లి, పాతరలో అణచిపెట్టు పద్ధతిని రూపొందించిరి. ఆయన పేరులోని తొలి అక్షరములతో అది 'ఏ.ఐ.వి.' పద్ధతి యని ప్రసిద్ధి కెక్కినది. మేతలోని కెరోటీను నిలుచుటచే చలికాలపు పాలలోను విటమిన్ ఏ సమృద్ధిగా లభించెను.

1933లో హెల్సింకి సమీపమున ఒక వ్యవసాయక్షేత్రమును కొని, తమ పరిశోధనా ఫలితములను కొన్నింటిని అచ్చట స్వయముగా పరీక్షించిరి. ముఖ్యముగా ఈ మేత నిల్వ పద్ధతికై 1945లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

పిమ్మట వారు మరియొక ప్రశ్నను చేపట్టిరి. ఆవు నెమరుపొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. మాంసకృత్తులు లేని మేతకు యూరియా, అమ్మోనియా లవణములను చేర్చినచో ఆ జీవులే మాంసకృత్తులను తయారుచేసి ఇయ్యగలవా? ఆవులను క్రమక్రమముగా అట్టి మేతకు అలవాటుచేసి, అవి పాలిచ్చుటను నిరూపించి, 1966లో 'సైన్స్' పత్రికలో ఫలితములను ప్రకటించిరి. మనుష్యునకు పనికిరాని వానిని పాలుగా మార్చు శక్తి పశువునకు గలదని దీనివలన మరింత స్పష్టమైనది. 1973లో విర్తానెన్ పరమపదించిరి.

ఇందు మన గ్రామములకు గల ఉపయోగమేమి? మనకు ఆమ్లములతో పనిలేదు. మొక్కజొన్న, జొన్న పైరులలో చక్కెర పదార్థము ఉన్నందున, పాలు పులిసి పెరుగైనట్లు అవి గాలి తగులని పాతరలో తమంతట తామే పులియును. మొక్కజొన్నను గింజ పాలుపోసుకొని గట్టిపడు దశలోను, జొన్నను పూతదశలోను కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండ గట్టిగా త్రొక్కి, పైన కప్పివేయవలెను. 45 మొదలు 60 దినములలో మేత సిద్ధమగును. లేత జొన్న విషపూరితము. దానిని పచ్చిగా మేపరాదు.

వరిగడ్డిని సైతము బాగుచేయవచ్చును. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీట కరగించి చల్లి, గాలి చొరకుండ 21 దినములు కప్పియుంచిన గడ్డి మెత్తబడును. సూక్ష్మజీవులకు నత్రజని లభించును. నీటి పాళ్లను పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. యూరియాను నేరుగా తినిపించుట ప్రాణాపాయకరము. ఆరు నెలలలోపు దూడలకు ఈ గడ్డి వేయరాదు.

పంచాయతీ సభ్యులు తమ గ్రామమున ముందుగా ఒక్క పాతరనైనను పశువైద్యుని పర్యవేక్షణలో నిర్మింపజేసి, తెరచునాడు రైతులందరిని పిలువవలెను. ఉపన్యాసముల కన్న పశువు ఆబగా తిను మేతయే రైతునకు నమ్మకము కలిగించును. పూర్వులు కరవునకు ముందే ధాన్యమును పాతరవేసిరి. పచ్చమేత విషయమునను ఆ ముందుచూపు అవసరము. వానలు వెనుకబట్టిన పిదప ఆలోచించిన ప్రయోజనము లేదు. గట్లు పచ్చగా నున్నపుడే ఈ పనికి పూనుకొనవలెను.