కార్డు నంబరు మీ చెవిన పడనివ్వకండి

ఆత్రేయపురం పూతరేకులైనా, మంగళగిరి చీరలైనా, ఇంట్లో పెట్టి అమ్మే ఆవకాయ అయినా ఇవాళ చాలా బేరాలు ఫోన్లోనే తెగుతున్నాయి. ట్రావెల్ ఏజెంట్లు, లాడ్జీలు, టైలరింగ్ బొటిక్‌ల సంగతీ అంతే. ఆర్డరు చెప్పడం అయ్యాక కొందరు ఖాతాదార్లు ‘కార్డు నంబరు చెబుతాను, మీరే కొట్టేసుకోండి’ అంటారు. వ్యాపారి పదహారు అంకెలు, గడువు తేదీ, కార్డు వెనకనుండే మూడంకెల సీవీవీ కాగితం మీద రాసుకుని తన ఫోన్లో ఎక్కించి, ఆఖరున ‘ఓటీపీ వచ్చిందా, చెప్పండి’ అని అడుగుతాడు. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు, పని కూడా తొందరగా తెమిలిపోతుంది. అయినా ఈ పద్ధతిని చిన్న వ్యాపారి పూర్తిగా మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఖాతాదారును కాపాడడం ఒక్కటే దీనికి కారణం కాదు. కార్డు వివరాలు ఎవరి దగ్గర ఉంటే చట్టం వారినే జవాబు అడుగుతుంది. ఆ వివరాలు మీ దాకా రానే రాకపోతే ఆ భారంలో పెద్ద భాగం బ్యాంకు, ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే గేట్‌వే కంపెనీల మీద ఉంటుంది.

ముందుగా ఓటీపీ సంగతి చూద్దాం. కార్డు చేతిలో లేకుండా ఆన్‌లైన్‌లో జరిగే చెల్లింపులకు రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి అమలు చేసింది. ఫోన్లో మీటలు నొక్కి చెల్లించే ఐవీఆర్ పద్ధతికీ 2011లో దాన్ని వర్తింపజేసింది. ఆ రెండో అంచె ఉద్దేశం ఒక్కటే: కార్డు సొంతదారే స్వయంగా ఈ చెల్లింపు చేస్తున్నాడని బ్యాంకుకు నమ్మకం కలగాలి. ఆ ఓటీపీని దుకాణదారు టైపు చేస్తే, సొంతదారే చేశాడని బ్యాంకు పొరబడుతుంది. తర్వాత ఎక్కడైనా తేడా వస్తే నష్టపోయేది ముందుగా ఖాతాదారే. అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత గురించి 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు చూడండి. బయటివారి మోసాన్ని మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు చెబితే ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కర్లేదు. కానీ రహస్య వివరాలు తానే ఇతరులకు చెప్పడం లాంటి నిర్లక్ష్యం ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసే క్షణం వరకూ జరిగిన నష్టమంతా ఆయనదే. అంటే నిజాయితీగా ఓటీపీ అడిగిన వ్యాపారి కూడా తెలియకుండానే తన ఖాతాదారుకు చట్టం ఇచ్చిన రక్షణను బలహీనం చేస్తున్నాడు. పైగా, ఫోన్లో ఓటీపీ అడగడం మామూలేనని జనానికి అలవాటు చేస్తున్నాడు. సైబర్ మోసగాళ్లకు కావలసింది సరిగ్గా ఆ అలవాటే.

ఇక దాచుకోవడం. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకులు, కార్డు నెట్‌వర్కులు తప్ప చెల్లింపు గొలుసులో మరెవరూ పూర్తి కార్డు వివరాలు నిల్వ ఉంచుకోకూడదు. లెక్కలు సరిచూసుకోవడానికి నంబరులో చివరి నాలుగంకెలు, బ్యాంకు పేరు మాత్రం ఉంచుకోవచ్చు. పెద్దపెద్ద ఆన్‌లైన్ అంగళ్లే తమ దగ్గరున్న కార్డు నంబర్లు తుడిచేసి, వాటికి బదులుగా వాడే టోకెన్లనే సంకేతాలకు మారాయి. అలాంటప్పుడు ఆర్డర్ల పుస్తకంలో ఖాతాదారు పేరు పక్కనే కార్డు నంబరు రాసి ఉంచడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం. సీవీవీ విషయంలో కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణాలు ఇంకా కఠినం: చెల్లింపుకు అనుమతి వచ్చాక దాన్ని ఏ రూపంలోనూ ఉంచకూడదు, మాటల రికార్డింగు రూపంలో కూడా. చాలామంది ఇక్కడే తెలియక చిక్కుకుంటారు. ఫోన్లో కాల్ రికార్డింగు దానంతటదే నడుస్తుంటే, ఖాతాదారు చదివిన ప్రతి అంకె అందులో పడి ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన కార్డు ఫొటో గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లిపోతుంది. ఆ ఫోను పోయినా, మరమ్మతుకు ఇచ్చినా, పాతదని అమ్మేసినా వివరాలు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం.

‘రిజర్వు బ్యాంకు ఆదేశాలు బ్యాంకులకు కదా, నా కిరాణా కొట్టుకేమిటి?’ అనే ప్రశ్న న్యాయమైనదే. రిజర్వు బ్యాంకు మీ కొట్టును నేరుగా తనిఖీ చేయదు. కానీ మీకు స్వైపింగ్ మిషనో, గేట్‌వేనో ఇచ్చినవారు ఆ నియమాలను మీరు సంతకం చేసిన ఒప్పందంలో పెడతారు. ఒప్పందం మీరితే సేవ ఆపేయొచ్చు, మీకు రావలసిన సొమ్మును పట్టి ఉంచొచ్చు. ఒప్పందాలను పక్కన పెట్టినా సమాచార సాంకేతిక చట్టం, 2000 ఉంది. కంప్యూటరులో ఉన్న సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చేసి ఎవరికైనా నష్టం కలిగిస్తే పరిహారం చెల్లించాలని దాని 43ఏ సెక్షన్ చెబుతోంది. అది పెద్ద కంపెనీలకే అనుకోవడం పొరపాటు. ఒక్కరే యజమానిగా ఉన్న వ్యాపారాన్నీ ఆ సెక్షన్ పేరెత్తి మరీ చేర్చింది. 2011 నాటి నిబంధనలు క్రెడిట్, డెబిట్ కార్డు వివరాలను సున్నితమైన సమాచారంగా లెక్కగట్టాయి. చట్టం దృష్టిలో స్మార్ట్‌ఫోను కూడా కంప్యూటరే. 43ఏ స్థానంలోకి వచ్చే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ఇంకా కఠినమైనది. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా వేసే అధికారం అందులో ఉంది. చిన్న కొట్టుకు అంత వేస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. జరిమానా మొత్తాన్ని తప్పు తీవ్రతను బట్టే నిర్ణయిస్తారు. అయితే కొట్టు చిన్నదన్న మాట ఒక్కటే తప్పించుకునే దారి కాదని గుర్తించాలి. కాగితం మీద రాసుకున్నా నిశ్చింత లేదు. నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు బయటపెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఖాతాదారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

‘ఇరవై ఏళ్లుగా తెలిసినవాళ్లు, మా మధ్య అనుమానాలు లేవు’ అనేది ఇంకో మాట. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్ల వ్యాపారం నిలబడింది దాని మీదే. కానీ ఆ ఖాతాదారు కార్డు ఎప్పుడో, వేరెక్కడో దుర్వినియోగమైందనుకోండి. పోలీసులు అడిగే మొదటి ప్రశ్న ‘కార్డు వివరాలు ఎవరెవరికి చెప్పారు?’ అన్నదే. ఆయన నిజమే చెబుతాడు, మీ పేరు వస్తుంది. మీ కొట్టులో పనిచేసి మానేసిన కుర్రాడు ఆ పుస్తకం చూడలేదని రుజువు చేయడం మీ వల్ల కాదు. వివరాలు అసలు తీసుకోకపోతేనే ఆ నమ్మకం చెక్కుచెదరకుండా ఉంటుంది.

మరి బేరం పోకుండా చేసేదెలా? ఫోన్లో ఆర్డరు తీసుకోండి, డబ్బుకు మాత్రం పేమెంట్ లింకు పంపండి. ఖాతాదారు తన ఫోన్లో, తన చేతులతో వివరాలు నింపుతాడు, మీకు డబ్బు వచ్చిన సమాచారం మాత్రమే వస్తుంది. ఆయన ఖాతాలో డబ్బు పోయి మీకు అందలేదన్న నిర్ధారణ జరిగితే, అయిదు రోజుల్లో వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఉన్నాయి. ఖర్చు ఎక్కువన్న అభ్యంతరంలో కొంత నిజం ఉంది. క్రెడిట్ కార్డు మీద కోత తప్పదు. కానీ యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే వ్యాపారి నుంచి కోసుకునే ఆ రుసుము, లేదు. ఇతర డెబిట్ కార్డులకు ఏడాది టర్నోవరు 20 లక్షల లోపున్న వ్యాపారి నుంచి 0.40 శాతానికి, ఒక్కో లావాదేవీకి 200 రూపాయలకు మించి తీసుకోకూడదు. మీ ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ ఉంటే నిలదీయండి. ఆ కోతను డెబిట్ కార్డు ఖాతాదారు మీద వేయడం మాత్రం కుదరదు. సరుకు ఇంటికి అందించేవారికి మరో మార్గం ఉంది. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోన్‌నే కార్డు మిషనుగా వాడే యాప్‌లు వచ్చాయి. కార్డు తాకిస్తే చాలు, 5,000 రూపాయల దాకా పిన్ కూడా అవసరం లేదు.

లింకు నొక్కడం రాని పెద్దవాళ్ల మాటేమిటని అడుగుతారు. కొడుకుకో, మనవరాలికో లింకు పంపితే వాళ్లే కడతారు. అదీ కుదరకపోతే సరుకు అందాక నగదు తీసుకోండి. ఆన్‌లైన్ చెల్లింపులు చేతకాని పెద్దావిడకు మన నుంచి ఎక్కువ జాగ్రత్త కావాలి, అంతేగానీ తక్కువ జాగ్రత్త సరిపోదు.

అసలు చిక్కంతా విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఆర్డర్లతో. అమెరికాలో ఫోన్లో కార్డు నంబరు చదివి చెప్పడం మామూలు విషయం, కాబట్టి డాలస్ నుంచి పచ్చళ్లు తెప్పించుకునే ఆవిడకు మీరు వద్దంటే వింతగా తోచవచ్చు. అయితే మన ఓటీపీ నియమం భారత్‌లో ఇచ్చిన కార్డులకే. విదేశీ కార్డు మీద చెల్లింపు ఆ అంచె లేకుండానే పూర్తికావచ్చు. కార్డు దొంగిలించినదని తేలితే అసలు సొంతదారు తన బ్యాంకులో అభ్యంతరం పెడతాడు. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. సాధారణంగా 120 రోజుల దాకా అందుకు గడువుంటుంది. సరుకు అప్పటికే సముద్రం దాటి ఉంటుంది, రెండో అంచె లేని చెల్లింపులో ఆ నష్టం ఎక్కువగా వ్యాపారి మీదే పడుతుంది. అందుకే విదేశీ కార్డులు తీసుకునే ఏర్పాటున్న గేట్‌వే నుంచే లింకు పంపండి, కార్డు బ్యాంకు ధ్రువీకరణ అడిగే పద్ధతిని అందులో పెట్టించుకోండి. ఆర్డరు మెసేజ్‌లు, బిల్లు, కొరియర్ రసీదు, సరుకు అందినట్టు సంతకం కనీసం ఆరు నెలలు దాచండి. సరుకు అందలేదన్న ఫిర్యాదు ధ్రువీకరించిన చెల్లింపు మీద కూడా రావచ్చు, అప్పుడు మీకు అండగా నిలిచేవి ఆ కాగితాలే.

ఇప్పటికే కార్డు నంబర్లు మీ దగ్గరుంటే ఇవాళే పుస్తకంలోని ఆ పేజీలు చించి కాల్చేయండి. వాట్సాప్‌లోని ఫొటోలు, కాల్ రికార్డింగులు, క్లౌడ్‌లోని వాటి నకళ్లు తుడిచేయండి. మీ దగ్గరి వివరాలు బయటికి పొక్కాయని తెలిస్తే దాచకుండా వెంటనే ఖాతాదారుకు చెప్పండి. ఖాతాదారులు చేయాల్సింది: కార్డు బ్లాక్ చేయించి బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. సమాచారం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు 14448.