పొరుగువారి ప్రార్థనకు మన ఆమేన్

పఠనభాగములు: 1 కొరింథీ 14:13–17, మత్తయి 8:5–13, 15:21–28

రాయ్‌పూరులోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారమును ఆనుకొని వెలసినది. విజయనగరమునుండి రాయ్‌పూరు వరకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఉత్తరాంధ్రనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు ఆ దారిని వచ్చిన తెలుగు కుటుంబములు ఈ పట్టణమున తరతరములుగా కాపురములు చేయుచున్నవి. రైల్వే క్వార్టర్లలో గోడ ఒక్కటే, ఇండ్లు రెండు. ఒక ఇంట కుటుంబ ప్రార్థన జరిగిన, పొరుగింటివారు మంచముమీదనుండియే వినవచ్చును.

అట్టి ఒక గోడకు ఇవతల బాప్తిస్టు సంఘపు సహోదరి, అవతల కతోలిక సహోదరి ముప్పది యేండ్లు కాపురముండిరి. ఒకరినొకరు “వదినా” అని పిలుచుకొనిరి. పచ్చడి గిన్నెలు గోడమీదుగా అటునిటు తిరిగెను. ప్రార్థనలు మాత్రము గోడ దాటలేదు. తుదకు కతోలిక సహోదరి పక్షవాతముతో మంచముపట్టినది. మాట పోయినది. మన సహోదరి ప్రతి సాయంకాలము వెళ్లి ఆమె చేయి పట్టుకొని తన సొంత మాటలతో ప్రార్థించెడిది; రోగి కన్నులు మూసికొని యుండెడిది, అంతే. ఒకనాడు సొంత మాటలు కరవై, ప్రభువు నేర్పిన ప్రార్థనను మెల్లగా చెప్పినది. అప్పుడు రోగి పెదవులు కదలినవి. శబ్దము లేదు గాని ప్రతి మాటకును పెదవులు కదలినవి.

ఆమె ప్రభువునందు నిద్రించినది. సమాధి దినమున దేవాలయములో పూజ హిందీలో జరిగినది. మన సహోదరి వెనుక బల్లమీద కూర్చుండెను. పరలోక ప్రార్థన వచ్చినప్పుడు మాత్రము ధైర్యము తెచ్చుకొని, అందరు హిందీలో పలుకుచుండగా తాను తెలుగులో గొంతు కలిపినది. కీడునుండి విడుదల కోరు మాట దగ్గర అందరును ఆగిరి. ఆమె ఆగలేదు, రాజ్యమును శక్తియు మహిమయు దేవునివని ఒంటరిగా చెప్పుకొని పోయినది. ముందు బల్లవారు తిరిగి చూచిరి. ఆమె సిగ్గుపడి నోరు మూసికొని, ఆ తరువాత పూజ ముగియువరకు ఒక్క ఆమేన్ కూడ పలుకలేదు.

ఇంటికి వచ్చి ఆమె నన్నడిగిన ప్రశ్న ఇది: “అయ్యగారూ, నేను అక్కడ నోరు తెరచుట తప్పా, తెరచి మూసికొనుట తప్పా? మా వదినకు ద్రోహము చేసితినా, నా విశ్వాసమునకు ద్రోహము చేసితినా?”

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్న ఆ సహోదరిది మాత్రమే కాదు. కతోలిక బంధువుల పెండ్లికో, సమాధికో వెళ్లిన మనలో ప్రతివాడును ఒకప్పుడు ఆ వెనుక బల్లమీద కూర్చున్నవాడే.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు ఒక నియమము చెప్పెను. ఒకడు కృతజ్ఞతాస్తుతులు చెల్లించునప్పుడు వినువానికి ఆ మాటలు బోధపడనియెడల అతడు ఆమేన్ ఎట్లు పలుకును అని ఆయన అడుగుచున్నాడు. ఆమేన్ అనునది మర్యాదకు పలుకు మాట కాదు, చేవ్రాలు వంటిది. చదువని కాగితముమీద చేవ్రాలు చేయరాదు. మన సంస్కర్తలు రోమా సంఘముతో వాదించిన సంగతులలో ఇది ఒకటి: పూజ లాటినులో సాగుచుండగా జనులు దేనికి ఆమేన్ చెప్పుదురు? ఆ వాదము న్యాయమైనదే. అయితే రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనను గూర్చిన శాసనమును వెలువరించి ప్రజల భాషకు ద్వారము తెరచినది. 1965 మార్చి నుండి పూజలో స్వభాషలు వినబడసాగెను. 1969లో పూజా క్రమమే నూతనముగా ప్రకటింపబడెను. కాబట్టి నేడు మనము అర్థము కాలేదని చెప్పి తప్పించుకొనలేము. చెవియొగ్గి, ఏది ఏమని తెలిసికొని, ఆమేన్ చెప్పవలసినచోట చెప్పి, చెప్పరానిచోట మానవలసియున్నది.

మొదట వినబడు ప్రార్థన ప్రభువు కనికరమును వేడుకొనునది. ఇది ఎంత పాతదనగా, లాటినులో సాగిన పూజలో కూడ దీనిని గ్రీకు మాటలతోనే శతాబ్దములుగా పలికిరి. హిందీ పూజలో ఇక్కడ వినబడు ముఖ్యమైన మాట “దయా”. ఇది తెలుగు చెవికి అనువాదము అక్కరలేని మాట. ఈ ప్రార్థన ఎవరిది? యెరికో త్రోవప్రక్కన కూర్చున్న గ్రుడ్డివానిది (లూకా 18:38), దూరమున నిలిచిన పదిమంది కుష్ఠరోగులది (లూకా 17:13), కుమార్తె నిమిత్తము కేకలు వేసిన కనాను స్త్రీది (మత్తయి 15:22). వీరిలో ఒక్కడును ఎన్నికైనవాడు కాడు. దేవాలయములో ప్రవేశించు ప్రతివాడును, అధికారియైనను కలాసియైనను, మొదట ఆ భిక్షకుల వరుసలో నిలువవలెనని ఈ క్రమము చెప్పుచున్నది. దీనికి ఆమేన్ చెప్పనివాడు సువార్తకు ఆమేన్ చెప్పనివాడే.

“ఒకే మాటను మరల మరల చెప్పుట అన్యజనుల వ్యర్థ ప్రార్థన కాదా?” అని మనవారు అడుగుదురు (మత్తయి 6:7). ప్రభువు ఖండించినది వ్యర్థతను, విస్తారమైన మాటలవలన దేవుని లొంగదీయగలమను తలంపును. తిరిగి పలుకుటను ఆయన ఖండింపలేదు. గెత్సేమనే తోటలో ఆయనే మూడవసారియు అవే మాటలు చెప్పి ప్రార్థించెనని మత్తయి వ్రాసెను (26:44). 136వ కీర్తన దేవుని కృపను గూర్చిన ఒకే పల్లవిని ఇరువదియారు మారులు చెప్పుచున్నది. అంతకన్న గంభీరమైన సంగతి సిలువయొద్ద నున్నది. ప్రభువు తన మరణ వేదనలో క్రొత్త మాటలు కూర్చుకొనలేదు. చిన్ననాట నేర్చిన కీర్తనల మాటలే ఆయన నోట వచ్చినవి: ఒకటి 22వ కీర్తనలోనిది, మరియొకటి 31వ కీర్తనలోనిది. మాట పోయిన ఆ కతోలిక సహోదరి పెదవులు ఎందుకు కదలినవో దీనినిబట్టి నాకు కొంత తెలిసినది. బుద్ధి అలసి, నాలుక మడతపడినప్పుడు సొంత వాక్చాతుర్యము మొదట పోవును. బాల్యమున హృదయములో నాటబడినది చివర పోవును. మన సంఘపు పిల్లలకు మనము ఏమి నాటుచున్నాము?

మనము పుస్తకము చూడక ప్రార్థింతుము గనుక మన ప్రార్థన ఎల్లప్పుడు ఆత్మవలన క్రొత్తగా పుట్టుననుకొనుట కూడ కొంత భ్రమయే. మన పెద్దలలో ఒక్కొక్కరి ప్రార్థన ఎక్కడ మొదలై, ఏ మలుపులు తిరిగి, ఎక్కడ ముగియునో ఆదివార బడి పిల్లలు సైతము చెప్పగలరు. ఆ క్రమము అచ్చులో లేదు, అంతే భేదము.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన ప్రార్థనకు వచ్చుచున్నాను. దివ్యసత్ప్రసాదము స్వీకరించుటకు ముందు కతోలికులందరు కపెర్నహూము శతాధిపతి మాటను తమ మాటగా చేసికొందురు. ప్రభువు తన యింటి కప్పు క్రిందికి వచ్చుటకు తాను పాత్రుడు కాడనియు, ఆయన ఒక్క మాట సెలవిచ్చిన చాలుననియు అతడు చెప్పెను (మత్తయి 8:8). శతాధిపతి తన దాసుని నిమిత్తము వేడుకొనెను. పూజలో దాసుని స్థానమున ప్రార్థించువాని ఆత్మ నిలువబడినది. అనగా వారు ప్రభువు బల్లయొద్దకు అన్యుడును, పరదేశపు సైనికుడునైన ఒకని చేయి పట్టుకొని వచ్చుచున్నారు.

మన పక్షమున చూడుడి. ఇంగ్లాండులో క్రాన్మరు 1548లో ప్రభు భోజనమునకు ముందు చెప్పదగిన ఒక వినయ ప్రార్థనను సిద్ధపరచెను. అది 1549 నాటి ప్రార్థన పుస్తకములో చేరినది. దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన క్రమములోనికి కూడ వచ్చినది. బల్లక్రింద పడు ముక్కలకైనను మేము పాత్రులము కామని అందులో ఒప్పుకొందుము. ఆ మాట ఎవరిది? కూతురికొరకు వేడుకొన్న కనాను స్త్రీది. వారు శతాధిపతితో వచ్చుచున్నారు, మనము కనాను స్త్రీతో వచ్చుచున్నాము. ఇద్దరును ఇశ్రాయేలుకు వెలుపలివారే. ఇద్దరును తమకొరకు కాక ఇంటిలో పడియున్న మరియొకరికొరకు వేడుకొన్నవారే. ప్రభువు విశ్వాసమును చూచి మెచ్చుకొనినది ఈ ఇద్దరిని (మత్తయి 8:10, 15:28). ఐదు వందల యేండ్ల వివాదము నడుమ నుండియు రెండు పక్షములు ప్రభువు బల్లను సమీపించుటకు ఇద్దరు పరదేశులనే తోడు తెచ్చుకొనెను. దీనిని తలంచినప్పుడెల్ల నాకు కన్నులు చెమర్చును. మరియు రాయ్‌పూరులో మనమందరమును పరదేశులమే గదా!

తక్కినవాటిని త్వరగా చెప్పెదను. మూడుమారులు దేవుని పరిశుద్ధుడని కొనియాడు స్తుతి యెషయా దర్శనములోనిది (6:3). దానికి యెరూషలేము ప్రవేశ దినమున జనసమూహము వేసిన కేక జతయైనది. దేవుని గొఱ్ఱెపిల్లను వేడుకొనునది బాప్తిస్మమిచ్చు యోహాను సాక్ష్యమునుండి పుట్టినది (యోహాను 1:29). దీనిని రోమా పూజలో ప్రవేశపెట్టినది ఏడవ శతాబ్దపు చివర పోపుగా నున్న సెర్గియసు. అతడు సిరియా వంశీకుడు. ఆ దినమునకు తగిన చిన్న ప్రార్థన తండ్రిని సంబోధించి, ఆయన చేసిన ఒక కార్యమును తలంచి, ఒక్క మనవి చేసి, క్రీస్తు ద్వారా ముగియును. బలిపీఠమునొద్ద ప్రార్థన తండ్రికే చేయవలెనని క్రీ.శ. 393లో హిప్పో సభ నిర్ణయించెను. మన దీర్ఘ ప్రార్థనలకు ఈ పొదుపు కొంత అలవడిన మేలే.

అయినను సత్యమును దాచి చేసిన సమాధానము సమాధానము కాదు. పూజను అర్పణగా, బలిగా చెప్పు మాటలున్నచోట, క్రీస్తు ఒక్కసారియే అర్పింపబడెనను హెబ్రీ పత్రిక బోధ (10:10–14) మన మనస్సులో నిలువవలెను. జపమాలలోని మంగళవార్త జపమున మొదటి సగము లూకా మొదటి అధ్యాయమునుండి వచ్చినది. దేవదూత వందనమును, ఎలీసబెతు ధన్యవాదమును అందులో నున్నవి. మరియమ్మ ప్రార్థన సహాయమును కోరు రెండవ సగము నేటి రూపమున 1568 నాటి రోమా ప్రార్థన గ్రంథములో స్థిరపడినది. మొదటి సగము వాక్యము గనుక దానిని గౌరవింతుము. రెండవదానిలో మనము పాలుపొందలేము.

సమాధి పూజలో మృతులకు నిత్య విశ్రాంతి కోరు ప్రార్థన మరింత కఠినమైన చోటు. కతోలికులు 2 మక్కబీయులు 12వ అధ్యాయమును ఆధారముగా చూపుదురు. మనము ఆ గ్రంథమును ప్రమాణముగా నెంచము. ఒక విశేషమేమనగా, ఆ విశ్రాంతి ప్రార్థన మాటలు ఎజ్రా పేర గల మరియొక గ్రంథమునుండి వచ్చినవి. దానిని రోమా సంఘము సైతము తన ప్రమాణ గ్రంథములలో చేర్చలేదు. మన విశ్వాసమునుబట్టి, ప్రభువునందు మృతినొందినవారు మన మనవివలన కాక ఆయన రక్తమువలననే విశ్రాంతిలో నున్నారు. కాబట్టి అచ్చట మనము తల వంచి మౌనముగా నిలుచుట మంచిది. ఆ మౌనము తృణీకారము కారాదు. తల్లిని పోగొట్టుకొన్న బిడ్డ నోటనుండి వచ్చు ఆ మాటలో సిద్ధాంతముకంటె ముందు ప్రేమ యున్నదని ఎరిగి నిలువవలెను. అదే పూజలో పునరుత్థానమును గూర్చిన పాఠములును, దుఃఖించువారి ఓదార్పు కొరకైన మనవులును ఉండును. వాటికి ఆమేన్ పలుకక యుండుట కాఠిన్యము. దివ్యసత్ప్రసాదము సామాన్యముగా మనకియ్యరు. కూర్చున్నచోటనే ఉండవలెను, నొచ్చుకొనరాదు.

ఇక సహోదరి ఒంటరిగా పలికిన ఆ మాటలు. రాజ్యము, శక్తి, మహిమ అను ముగింపు మత్తయి సువార్త అతిప్రాచీన ప్రతులలో కానరాదు. అయితే దిదకే అను తొలి క్రైస్తవ గ్రంథములో దానిని పోలిన ముగింపు కలదు. ఆది సంఘము దానిని ప్రార్థనకు ప్రత్యుత్తరముగా పలికినది. కతోలికులు దీనిని విడిచినవారు కారు. వారి క్రమమున కీడును గూర్చిన మాటవద్ద జనులు ఆగుదురు. గురువు ఆ మాటనే అందుకొని, సకల కీడులనుండి విడుదలయు, మన దినములలో సమాధానమును కోరి, రక్షకుని రాకడకొరకైన నిరీక్షణను పలుకును. ఆపైన జనులందరు ఆ ముగింపును ఏకస్వరముతో పలుకుదురు. 1969 నాటి క్రమము దానిని రోమా పూజలోనికి తెచ్చినది. సహోదరి తప్పు మాట పలుకలేదు. కొంచెము ముందుగా పలికినది.

ఇది విని ఆమె చాలసేపు మాటాడలేదు. “అయితే అయ్యగారూ, నేను సిగ్గుపడి నోరు మూసికొన్న తరువాత వారును అదే అన్నారా?” అని అడిగినది. “అన్నారమ్మా. నీవు వినలేదు” అంటిని.

నెల దినమున కుమార్తె తల్లి పేర పూజ చెప్పించినది. దానికి ముందు సహోదరి నాచేత ఒక కాగితముమీద ప్రార్థనల క్రమమును తెలుగులో వ్రాయించుకొని, నేను మౌనముగా నిలువుమన్న చోట పెన్సిలుతో గీత గీసికొన్నది. ఆ దినము వెనుక బల్లను విడిచి కుమార్తె ప్రక్కనే కూర్చుండెనట. విశ్రాంతి ప్రార్థన వచ్చినప్పుడు తల వంచి ఆ పిల్ల చేయి పట్టుకొనెనట. పరలోక ప్రార్థనలో అందరు ఆగినచోట తానును ఆగి, గురువు ప్రార్థన ముగియువరకు కనిపెట్టి, అందరితోకూడ మిగిలిన మాటలు తెలుగులో పలికినది. ప్రక్కనున్న కుమార్తె హిందీ విడిచి ఆమెతో తెలుగులో పలికినదట.