మధుమేహము – నేత్రపటలము

మన పాఠశాల పిల్లల తాతలలోను అమ్మమ్మలలోను మాత్రమేగాక, ఇప్పుడు తల్లిదండ్రులలోను మధుమేహము గలవారు చాలమంది కలరు. ఇంటిలో మనము దీనిని చక్కెరవ్యాధి యందుము. వీధిలో సర్కరై నోయి. వైద్యుని చీటీలో డయాబిటిస్. పేర్లు మూడైనను వ్యాధి యొక్కటే. కంటిపరీక్షకు పొమ్మని వైద్యుడు చెప్పినప్పుడు సాధారణముగా వినబడు మాట యొకటి కలదు: “నాకు చూపు చక్కగానే యున్నది, సూదిలో దారము నెక్కించుచున్నాను, ఇక పరీక్ష యెందుకు?” ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము కంటివెనుక నున్న అతిసూక్ష్మకణములలో నున్నది. ఆసుపత్రులలో ఈ సంగతి తమిళమునందో ఆంగ్లమునందో వేగముగా చెప్పబడును గాన, మన భాషలో నిదానముగా వివరింప పూనితిని.

కంటి వెనుకగోడకు లోపలివైపున పరచుకొనియున్న పలుచని పొరకు నేత్రపటలమని పేరు. ఆంగ్లమున రెటీనా యందురు. తమిళమున విళిత్తిరై, అనగా కంటితెర. తెర యనుమాట కొంత మోసపుచ్చునది. తెరమీద బొమ్మ పడును గాని తెర దానిని గ్రహింపదు. నేత్రపటలమన్ననో, గర్భస్థశిశువునందు మెదడునుండియే పెరిగి కంటిలోనికి వచ్చిన భాగము. దాని మందము మిల్లీమీటరులో సుమారు నాలుగవవంతు. అందు రమారమి 12 కోట్ల దండకణములును, 60 లక్షల శంకుకణములును వెలుతురును గ్రహించుచుండగా, వాని సంకేతములను ఇతర నాడీకణములు కూర్చి, పదిలక్షలకు పైబడిన తంతువులద్వారా మెదడునకు పంపుచున్నవి. బరువును బట్టి లెక్కించినచో, ఇంత ప్రాణవాయువును వాడుకొను భాగములు శరీరమున మిక్కిలి అరుదు.

ఈ పొరయొక్క లోపలి భాగమునకు ఆహారమును ప్రాణవాయువును అందించునవి రక్తకేశనాళికలు. మన రాజపాళయము నూలుమిల్లుల యూరు; ప్రక్కనున్న చత్రపట్టి గాయములకు కట్టు గాజుగుడ్డకు పేరుపడినది. కావున నేతను బట్టి చెప్పినచో తల్లిదండ్రులకు సులభముగా తెలియును. శరీరమున పెక్కుచోట్ల కేశనాళికల గోడ గాజుగుడ్డవంటిది. నీరును చిన్న పదార్థములును దానిగుండ ఊరుచుండును. నేత్రపటలమునందలి కేశనాళికల గోడ మెదడులో వలెనే దట్టముగా నేసిన గుడ్డవంటిది. లోపలివైపున పూతకణములు ఒకదాని యంచునకు మరియొకటి కుట్టినట్లు అతుకుకొని యుండును. వానిచుట్టు ఒక పలుచని ఆధారత్వచము. దానిపైన చేతులుచాచి నాళికను కౌగిలించుకొనియున్న మరియొకజాతి కణములు, వీనిని పెరిసైటులందురు. ఇవి నాళిక ఉబ్బకుండ పట్టియుంచును, పూతకణములను అదుపులో నుంచును. ఇతర అవయవములలో అనేక పూతకణములకు ఒక్క పెరిసైటు ఉండగా, నేత్రపటలమున దాదాపు ఒక్కొక్క పూతకణమునకు ఒక్కొక్క పెరిసైటు కాపలా యున్నది. మన కథకు ముఖ్యపాత్ర యిదియే.

కండరకణములోనికి గ్లూకోజ్ విరివిగా పోవలెనన్న ఇన్సులిన్ తలుపు తీయవలెను. ఇన్సులిన్ చాలనప్పుడు, లేక దానిమాట కణములు విననప్పుడు, ఆ తలుపు సరిగా తెరువబడదు. చక్కెర రక్తములోనే నిలిచిపోవును. నేత్రపటల నాళికల కణములకు ఇట్టి తలుపు లేదు. రక్తమున ఎంత చక్కెర యున్నదో దాని ననుసరించి లోపలికి వచ్చుచునే యుండును. వద్దనుటకు వానికి శక్తి లేదు. ఒకే శరీరమున కండరము చక్కెరకై ఆకలిగొనుచుండగా కంటికణము చక్కెరలో మునుగుట ఈ వ్యాధియొక్క విచిత్రము.

అధికముగా చేరిన గ్లూకోజ్ కణమున ఊరకుండదు. కొంత భాగమును ఒక ఎంజైము సార్బిటాల్ అను పదార్థముగా మార్చును. ఆ మార్పునకు, విషతుల్యమైన ఆమ్లజని రూపములను అణచుటకై కణము దాచుకొన్న నిధియే ఖర్చగును. అదే సమయమున, కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలు మితిమీరిన ఇంధనముచే ఆ విషరూపములనే ఎక్కువగా పుట్టించును. ఇక కొంత చక్కెర మాంసకృత్తులకు నేరుగా అంటుకొనును. దోసె పెనముపై ఎఱ్ఱబారుటయు ఈజాతి రసాయనచర్యయే. పెనముపై నిమిషములలో జరుగునది శరీరమున సంవత్సరముల తరబడి జరుగును. (మూడునెలల చక్కెరను తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షయు, ఎఱ్ఱకణముల మాంసకృత్తునకు అంటిన చక్కెరను లెక్కించునదే.) ఇట్లు అంటుకొనుటచే ఆధారత్వచము దళసరియై బిరుసెక్కును, పెరిసైటులకును పూతకణములకును నడుమ సంబంధము చెడును.

ఈ దెబ్బలన్నిటికి ముందుగా చచ్చునవి పెరిసైటులు. దీనిని 1961లో అమెరికాలో కోగన్, టూసాన్, కువబారా అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మరణించిన మధుమేహరోగుల నేత్రపటలమును ట్రిప్సిన్ అను జీర్ణరసములో నానబెట్టగా, మెత్తని భాగమంతయు కరగి రక్తనాళముల వల మాత్రము మిగిలినది. సూక్ష్మదర్శినిలో చూడగా పెరిసైటులు ఉండవలసిన చోట్ల వట్టి గూళ్లు కనబడినవి. నాకు ఈ ప్రయోగము మిక్కిలి యిష్టము. ఖరీదైన యంత్రము లేకయే, కరగవలసినదానిని కరగించి చూడవలసినదానిని చూచిరి.

కాపలా పోయినచోట నాళికగోడ చిన్నబుడగవలె ఉబ్బును. పూతకణముల అతుకులు వదలును. రక్తపునీరు, కొవ్వు పొరలోనికి ఊరును; చుక్కచుక్కలుగా రక్తము చిందును. తెల్లకణములు గోడకు అంటుకొని దారిని మూయును. కొన్ని కేశనాళికలలో జీవకణములే మిగులక, వట్టి గొట్టములై రక్తప్రసారము నిలిచిపోవును. రక్తనాళములే గాక, నేత్రపటలపు నాడీకణములును, వానిని పోషించు ముల్లర్ కణములును తొలిదశలోనే నలుగుచున్నవని ఇటీవలి దశాబ్దములలో తేలినది.

ఇప్పుడు సూదిలో దారము సంగతి. సూదిబెజ్జమును చూచునది నేత్రపటలముయొక్క నట్టనడుమనున్న చిన్నగుంట. దాని మధ్య సుమారు అరమిల్లీమీటరు వెడల్పున కేశనాళికలే లేవు. తొలిబుడగలు, రక్తపుచుక్కలు ఎక్కువగా దానికి దూరముగా పుట్టును. అచ్చట చూపు కొంచెము తగ్గినను మనస్సునకు తోచదు. నొప్పియు లేదు. ఊట నడిమిభాగమును చేరి వాచినప్పుడే అక్షరములు వంకరలు పోవును, మసకబారును. దారమెక్కించుట నడుమ బాగుగ నున్నదనుటకే సాక్ష్యము, అంచులకు కాదు.

రక్తమందని భాగము ఊరకుండక వి.ఇ.జి.ఎఫ్. అను మాంసకృత్తును విడుదల చేయును. కొత్తనాళములను రమ్మని పిలుచు లేఖ యది. ఇట్టి పదార్థ మొకటి ఉండవలెనని 1948లో మైకేల్సన్ ఊహించెను. మధుమేహరోగుల కంటిద్రవమున ఇది అధికముగా నుండుట 1994లో తెలిసినది. పిలుపు సదుద్దేశముతో కూడినదే గాని వచ్చిన నాళములు బలహీనములు. అవి పొరను దాటి కంటిలోని గాజువంటి ద్రవములోనికి పెరిగి, చిట్లి, కన్నంతయు రక్తముతో నింపును; మచ్చకట్టి ముడుచుకొనునప్పుడు నేత్రపటలమును గోడనుండి లాగివేయును.

అంచుభాగమును వెలుగుకిరణముతో కాల్చినచో ప్రాణవాయువు గిరాకి తగ్గి ఆ పిలుపు సన్నగిల్లును. ఈ చికిత్సచే తీవ్రమైన దృష్టినష్టము సగమునకు పైగా తగ్గునని 1976లో రుజువైనది. నేడు వి.ఇ.జి.ఎఫ్.ను అణచు మందును సూదితో కంటిలోనికే ఎక్కించుచున్నారు. ఈ రెండును ఉన్నచూపును నిలుపుటలో గొప్పవి. చచ్చిన పెరిసైటును మాత్రము తిరిగి తేజాలవు.

ఆ కణములను ముందే కాపాడుటకు రక్తమునందలి చక్కెరయే పిడి. ఇన్సులిన్‌పై ఆధారపడిన రోగులలో చక్కెరను గట్టిగా అదుపుచేయగా, కంటిజబ్బు కొత్తగా వచ్చుట 76 శాతము తగ్గినదని 1993లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన తెలిపినది. రక్తపుపోటును అదుపున నుంచుటయు అంతే అవసరము. మామిడికాలమున మన యూరివారికి ఇది సులభముగాదని నే నెరుగుదును.

మదురైలో 1976లో డాక్టరు జి. వెంకటస్వామిగారు 11 పడకలతో ప్రారంభించిన అరవింద కంటి ఆసుపత్రి నేడు జగత్ప్రసిద్ధము. నేత్రపటలపు ఛాయాచిత్రమును చూచి జబ్బును గుర్తించుటకు కంప్యూటరునకు నేర్పిన 2016 నాటి పరిశోధనలో అచ్చటి చిత్రములును వాడబడినవి. పెద్దవయసున వచ్చు మధుమేహము బయటపడుటకు ముందే కొన్నియేండ్లు దాగియుండవచ్చును గాన, వ్యాధి తెలిసిన నాడే మొదటి కంటిపరీక్ష; తరువాత ఏటేట. పిల్లలలో వచ్చు జాతికి, సాధారణముగా వ్యాధి తెలిసిన అయిదేండ్లకు ఆరంభింతురు. కనుపాప విప్పారుటకు చుక్కలమందు వేయుదురు. కొన్ని గంటలవరకు దగ్గరి అక్షరములు మసకగా నుండును, ఎండ కన్నులు మిరుమిట్లు గొలుపును. ఆనాడు బండి తామే నడుపుకొని రాక, ఇంటివారినెవరినైన తోడు తీసికొని పోవలెను.