రైజ్ – రెయిజ్: 'నాటు నాటు' చెప్పిన ఇంగ్లీషు పాఠం

ఇంగ్లీషు క్లాసు అనగానే పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామంది వెనక బెంచీ వెతుక్కుంటారు. సూత్రాలన్నీ బట్టీ పట్టినా నోరు పెగలదు. అందుచేత మనందరికీ తెలిసిన ఒక పాటను ఆధారం చేసుకొని రెండే రెండు క్రియాపదాలు పరిశీలిద్దాం. పొదిలి ప్రాంతపు రైతుబిడ్డను గనుక నా ఉదాహరణల్లో మిరప ఘాటు తగిలితే మన్నించాలి.

1. విషయం: రాజమౌళి దర్శకత్వంలో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రం 2022 మార్చి 25న విడుదలైంది. అందులోని 'నాటు నాటు' పాటను చంద్రబోస్ రాయగా ఎం.ఎం.కీరవాణి స్వరపరిచారు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. దానికి 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్ లభించాయి. ఒక భారతీయ చిత్రంలోని పాటకు ఆస్కార్ రావడం అదే ప్రథమం.

2. క్రియలు: రైజ్ అంటే తనంతట తాను పైకి రావడం. దాని భూతకాలం రోజ్. దీనికి కర్మ ఉండదు. 'ది సన్ రైజెస్.' రెయిజ్ అంటే మరొకదాన్ని పైకి తేవడం, పెంచడం. భూతకాలం రెయిజ్డ్. దీనికి కర్మ తప్పనిసరి. 'ది ఫార్మర్ రెయిజెస్ చిల్లీస్.' సూర్యుణ్ణి ఎవరూ లేపక్కర్లేదు. మిరప అలా కాదు. నారు పోయాలి, నాటాలి, తెగులు రాకుండా చూసుకోవాలి, కోసి కల్లంలో ఎండబెట్టాలి.

3. పరీక్ష: 'ది సాంగ్ రోజ్ టు ఫేమ్ ఓవర్‌నైట్.' వ్యాకరణం ప్రకారం ఇది తప్పు కాదు. మరి నిజమేనా? సంగీత దర్శకుడిగా కీరవాణి తొలి చిత్రం 'మనసు మమత' 1990లో వచ్చింది. అంటే ఆస్కార్‌కు 33 ఏళ్ళ ముందు! చంద్రబోస్ తొలి పాట 1995లో 'తాజ్ మహల్' కోసం రాసింది. బీటిల్స్ బృందం సంగతీ అంతే. 1964 ఫిబ్రవరిలో అమెరికాలో దిగగానే మోత మోగించారు. కానీ 1960 నుంచే హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్ళు గంటల తరబడి వాయించారు.

మా భౌతికశాస్త్రంలో దీన్ని గుప్తోష్ణం అంటాం. నూరు డిగ్రీల దగ్గర ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 540 కెలోరీలు తాగుతుంది. అంతసేపూ థర్మామీటరు కదలదు. చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది!

4. అనువాదం: 'నాటు'ను ఇంగ్లీషులో ఏమనాలి? 'కంట్రీ' అంటే మోటుతనం పోతుంది. 'రా' అంటే ఊరు పోతుంది. 'లోకల్' అంటే దరువు పోతుంది. పోట్లగిత్త, జొన్నరొట్టె, మిరపతొక్కు ఉన్న ఆ పాటను లాస్ ఏంజెలెస్ వేదిక మీద కూడా తెలుగులోనే పాడారు. అదే వేదికపై కీరవాణి తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని ఇంగ్లీషులో చెప్పి, వారి బాణీలోనే కృతజ్ఞత పాడారు. చంద్రబోస్ 'నమస్తే' అన్నారు. ఇంటి మాట వదులుకోలేదు, పరాయి మాటకు జంకలేదు.

కనుక సోదరులారా, ఇంగ్లీషు మనకు 'రైజ్' కాదు. రోజుకు పది వాక్యాలు పైకి చదివి, ఐదు వాక్యాలు రాసి మనమే 'రెయిజ్' చేసుకోవాలి. నాటినవాడికే కోత ఉంటుంది.