ముందెవరికి?

ఉద్దేశం: ఆసుపత్రి అత్యవసర విభాగంలో పని జరిగే తీరును తెలియజేసి, అక్కడి సిబ్బంది పట్ల విద్యార్థులలో గౌరవభావం పెంపొందించడం.

అత్యవసర విభాగానికి పగలూ రాత్రీ తేడా లేదు. పండుగా సెలవూ లేదు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు, పాము కరిచినవారు, గుండెనొప్పితో బాధపడేవారు ఏ క్షణంలోనైనా రావచ్చు. ఓ.పి.లో చీటీ నంబరు ప్రకారం రోగులను చూస్తారు. ఇక్కడ ఆ పద్ధతి చెల్లదు. ఎవరి ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉన్నదో వారికే మొదట చికిత్స చేస్తారు.

రోగులను ఇలా వేరుచేయడాన్ని ‘ట్రయాజ్’ అంటారు. ఇది ఫ్రెంచి మాట. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన డొమినిక్ లారే అనే శస్త్రవైద్యుడు, గాయపడినవారిని హోదానుబట్టి కాక గాయం తీవ్రతనుబట్టి చూడాలని పట్టుబట్టాడు. నేడు అనేక ఆసుపత్రులు ఇందుకు రంగులను వాడుతున్నాయి. ఎరుపు గుర్తు ఉన్నవారికి వెంటనే చికిత్స అందాలి. పసుపు గుర్తు ఉన్నవారు కొంతసేపు ఆగగలరు. ఆకుపచ్చ గుర్తు ఉన్నవారు మరికొంతసేపు వేచి ఉన్నా ప్రాణాపాయం లేదు.

ఒక ఉదాహరణ చూడండి. చెయ్యి విరిగిన బాలుడు గంటసేపటినుంచి బల్లమీద కూర్చుని ఏడుస్తున్నాడు. అప్పుడే ఒక వృద్ధుణ్ణి తీసుకువచ్చారు. ఆయన అరవడం లేదు. ఆయనకు ఊపిరి అందడం లేదు. నర్సు ఆయన వద్దకు పరుగెత్తింది. “మేము ముందు వచ్చాం కదా!” అని బాలుని తండ్రి కేకలు వేశాడు. తండ్రి బాధ నిజమే. నర్సు నిర్ణయమూ సరైనదే. కారణం వివరించి చెప్పే మనిషి లేనిచోట కోపం రాజుకుంటుంది.

సిబ్బంది, పడకలు చాలకపోవడం, వైద్యం ఖర్చు, మద్యం మత్తు, ఆప్తుల మరణవార్త ఆ కోపాన్ని పెంచుతాయి. తిట్లతో మొదలైనది తోపులాటకు, అద్దాలు పగలగొట్టడానికి, కొట్టడానికి దారితీస్తుంది. వైద్యులే కాదు, నర్సులు, ఆయాలు, కాపలాదారులు కూడా దీనికి గురవుతున్నారు. వైద్యునిపై చెయ్యి ఎత్తిన ఆ నిమిషంలో గదిలోని మిగిలిన రోగుల చికిత్స కూడా ఆగిపోతుంది.

2023 మే 10న కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో వందనా దాస్ అనే యువ వైద్యురాలు విధినిర్వహణలో ప్రాణాలు కోల్పోయింది. చికిత్స కోసం పోలీసులు తీసుకువచ్చిన వ్యక్తే ఆమెను కత్తెరతో పొడిచాడు. అదే నెలలో కేరళ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా తన చట్టాన్ని మరింత కఠినం చేసింది. ఇటువంటి చట్టాలు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఒడిశాలలో 2008లో, కర్ణాటకలో 2009లో, మహారాష్ట్రలో 2010లో వచ్చాయి.

అయితే చట్టం దోషిని శిక్షిస్తుంది. పోయిన ప్రాణాన్ని తీసుకురాలేదు. కావున ముందు జాగ్రత్త అవసరం. తగినంత సిబ్బంది, కాపలా, రోగి బంధువులతో ఓర్పుగా మాట్లాడే ఉద్యోగి ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలి. రోగి వెంట ఒకరిద్దరే లోపలికి వెళ్ళాలి. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని తోస్తే ఆసుపత్రి అధికారికి గాని, రాష్ట్ర వైద్యమండలికి గాని వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

తెలుగు మాత్రమే తెలిసిన అవ్వకు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో నర్సు చెప్పిన మాట అర్థం కాకపోవచ్చు. రెండు భాషలూ వచ్చిన విద్యార్థి ఆ మాటను తెలుగులో చెబితే ఆమె కలత సగం తగ్గుతుంది. ఇదీ ఒక సేవయే.

అర్థాలు
ముప్పు = అపాయం
హోదా = పదవి, స్థాయి
రాజుకొను = నిప్పు అంటుకొను
ఆప్తులు = దగ్గరివారు
కలత = మనోవ్యథ

ప్రశ్నలు
1. ఓ.పి.లో రోగులను చూసే పద్ధతికీ, అత్యవసర విభాగంలోని పద్ధతికీ గల భేదమేమి?
2. “తండ్రి బాధ నిజమే, నర్సు నిర్ణయమూ సరైనదే.” ఈ మాటలను సమర్థిస్తూ ఐదు వాక్యాలు రాయండి.
3. చట్టాలు ఉన్నప్పటికీ ముందు జాగ్రత్త ఎందుకు అవసరం?

భాషాంశాలు
‘ముందెవరికి’, ‘ప్రాణాపాయం’ – ఈ పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.

కృత్యం
అత్యవసర విభాగం గోడపై ఉంచదగిన ఒక సూచనను తెలుగులోనూ, మీ రాష్ట్ర భాషలోనూ రాయండి.