టార్టు విశ్వవిద్యాలయం – పొలంలో మాట్లాడే భాష పెద్ద చదువుకు ఎక్కిన కథ

ఈసారి గోడపత్రికలో యూరప్ ఖండంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం గురించి రాస్తున్నాను. ఆక్స్‌ఫర్డ్ పేరు అందరం విన్నాము. టార్టు పేరు ఎవరమూ వినలేదు. కాని దీని చరిత్ర మనకు చాలా పనికి వస్తుంది. ఎందుకో చివరలో చెప్తాను.

ఎక్కడ ఉన్నది?

ప్రపంచ పటంలో రష్యాకు పడమర, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్టోనియా దేశం ఉన్నది. వేలు పెడితే దేశం మొత్తం కనిపించకుండా పోతుంది, అంత చిన్నది. జనాభా సుమారు 13 లక్షలు. ఎస్టోనియన్ భాష మాట్లాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద 11 లక్షల మంది దాకా ఉంటారు. ఆ దేశంలో ఒక నది పేరుకు ‘తల్లి నది’ అని అర్థం. ఆ నది ఒడ్డునే టార్టు పట్టణం.

పుట్టుక, పెరుగుదల

1632లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినాడు. అప్పుడు ఆ నేల స్వీడన్ ఏలుబడిలో ఉండేది. పాఠాలు లాటిన్ భాషలో చెప్పేవారు. యుద్ధాల వల్ల 1710లో మూతపడి, మళ్లీ 1802లో తెరుచుకున్నది. అంటే 92 సంవత్సరాలు తాళమే! తెరిచేనాటికి రష్యా చక్రవర్తి పాలన వచ్చింది. భూములు మాత్రం జర్మన్ దొరలవి. అందుకని పాఠాలు జర్మన్‌లో చెప్పినారు. 1890లలో జర్మన్ తీసి రష్యన్ పెట్టినారు.

మరి ఎస్టోనియన్లు ఏం చేసేవారు? దొరల భూముల్లో వెట్టి చేసేవారు. 1816, 1819 చట్టాలతో వెట్టి పోయింది గాని భూమి మాత్రం దొరల దగ్గరే ఉండిపోయింది. పాఠాలు చెప్పే భాష లాటిన్ నుంచి జర్మన్‌కు, జర్మన్ నుంచి రష్యన్‌కు మారింది. బయట పొలంలో మాట్లాడే భాష మాత్రం పాఠాలు చెప్పే భాష కాలేదు.

పేరు తెచ్చిన చదువులు

1. ఖగోళ శాస్త్రం: స్ట్రూవే అనే శాస్త్రవేత్త ఇక్కడి నక్షత్రశాలలో పనిచేసినాడు. 1816 నుంచి 1855 వరకు ఆయన నాయకత్వంలో భూమి ఆకారాన్ని, పరిమాణాన్ని కొలిచినారు. ఎట్లా? త్రిభుజాలతో! ఒక భుజము, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్క కట్టవచ్చు గదా. అట్లా నార్వే నుంచి నల్ల సముద్రం దాకా 258 త్రిభుజాలు కలుపుకుంటూ పోయినారు. పొడవు 2,820 కిలోమీటర్లు. ఈ కొలత గుర్తులను 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. మనం విసుక్కునే త్రిభుజాల పాఠమే భూమిని కొలిచింది.

2. రసాయన శాస్త్రం: విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ఇక్కడ చదివినాడు. ఉత్ప్రేరకాలు, రసాయన చర్యల వేగం మీద చేసిన పనికి 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

3. జన్యు శాస్త్రం: 2000 సంవత్సరంలో ఎస్టోనియా ప్రజల రక్త నమూనాలు, ఆరోగ్య వివరాలు దాచి పరిశోధించే పని మొదలైంది. 2 లక్షల మందికి పైగా తమంతట తామే చేరినారు. జబ్బులు ఎందుకు వస్తాయో తెలుసుకోవడానికి ఇది పనికి వస్తున్నది.

1919 డిసెంబర్ 1

ఇది ముఖ్యమైన తేదీ. గుర్తుపెట్టుకోండి. 1918లో ఎస్టోనియా స్వతంత్రం ప్రకటించుకున్నది. యుద్ధం ఇంకా అయిపోలేదు. అయినా 1919 డిసెంబర్ 1న టార్టును ఎస్టోనియన్ భాషా విశ్వవిద్యాలయంగా తెరిచినారు. సరిపడా ఎస్టోనియన్ ప్రొఫెసర్లు లేరు. ఫిన్లాండ్, స్వీడన్ నుంచి తెచ్చుకున్నారు. కొన్ని పాఠాలు కొన్నాళ్లు వేరే భాషల్లోనే నడిచినాయి. అయినా ఆగలేదు. మాటలు లేకపోతే తయారుచేసుకున్నారు. వాళ్ల భాషలో విశ్వవిద్యాలయాన్ని ‘యూలికోల్’ అంటారు. ‘పై బడి’ అని అర్థం. ఇంట్లో తెలిసిన రెండు మాటలు కలిపితే పెద్ద మాట అయింది.

ఇది ఒక్కరోజులో కాలేదు. వంద సంవత్సరాల ముందు, 1819లో క్రిస్టియాన్ యాక్ పీటర్సన్ అనే యువకుడు టార్టులో చేరినాడు. పాఠాలు జర్మన్‌లో వింటూ కవితలు ఎస్టోనియన్‌లో రాసినాడు. క్షయ వచ్చి 21 ఏండ్లకే చనిపోయినాడు. ఆయన పుట్టిన మార్చి 14ను అక్కడ మాతృభాషా దినంగా జరుపుతారు. తర్వాత క్రోయిట్స్‌వాల్డ్ వచ్చినాడు. ఆయన తల్లిదండ్రులు వెట్టి రైతులు. ఆయన టార్టులో వైద్యం చదివి డాక్టరు అయినాడు. ముసలివాళ్లు చెప్పే కథలు, పాటలు ఆధారంగా ‘కలేవిపోయెగ్’ అనే పెద్ద కావ్యం రాసినాడు. ముందు పాట, తర్వాత పుస్తకం, ఆ తర్వాత విశ్వవిద్యాలయం. ఈ వరుస నాకు చాలా నచ్చింది.

మనం ఆలోచించవలసినది

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైన ఉన్నారు. ఎస్టోనియన్ మాట్లాడేవాళ్లు 11 లక్షలు. లెక్క మీరే చేయండి. ‘మన భాష చిన్నది, అందులో చదువు రాదు’ అని కొందరు అంటారు. మనలో కూడా కొందరు బయట మాట్లాడడానికి సిగ్గుపడతారు. చిన్నది పెద్దది అనేది మనుషుల లెక్క కాదని టార్టు చెప్తున్నది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాతప్రతులు దొరికినాయి. ఆ లిపి 2018లో కంప్యూటర్ యూనికోడ్‌లో కూడా చేరింది. అంటే మనకు పాటలే కాదు, రాత కూడా ఉన్నది.

తెలుగు, ఇంగ్లీషు వద్దని నేను చెప్పడం లేదు. పీటర్సన్ కూడా ఎన్నో భాషలు నేర్చినాడు. నేడు టార్టులో ఇంగ్లీషులో కూడా కోర్సులు ఉన్నాయి. మనం కూడా అన్నీ నేర్వాలి. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కిన మొదటిదాన్ని నేను. నా వెనక వచ్చే చెల్లెళ్లకు మొదటి రోజు పాఠం అర్థం కాక ఏడుపు రాకూడదు. అందుకే ఒక మాట. దసరా సెలవులకు పోయినప్పుడు చెట్లు, పురుగులు, వానలు, రోగాల పేర్లు అవ్వలను, తాతలను అడిగి నోట్‌బుక్‌లో రాసుకొని రండి. సైన్సు పాఠంలోని మాటల పక్కన రాద్దాం. మేడం గారు అనుమతి ఇస్తే వచ్చే గోడపత్రికలో పెడదాం.

ప్రశ్నలు
1. టార్టు విశ్వవిద్యాలయం ఏ సంవత్సరంలో స్థాపించబడినది?
2. త్రిభుజాలతో భూమిని ఎట్లా కొలిచినారు?
3. 1919 డిసెంబర్ 1 ఎందుకు ముఖ్యమైనది?
4. మీ ఇంటి భాషలో ‘విశ్వవిద్యాలయం’ అనడానికి ఒక మాట తయారుచేయండి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని