గుడ్లు లెక్కపెట్టి వెయ్యి

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. ఒకే వంశం పండు ఈగలు, ఒకే మేత, ఒకే 25 డిగ్రీల వేడి. అయినా ఒక వయల్‌లో ఈగలు నిండుగా వచ్చాయి, పక్కదాంట్లో సగం సైజువి, అదీ రోజుల తరబడి ఆలస్యంగా వచ్చాయి. జన్యువుల్లో తేడా ఉందేమోనని రాశావు. ఆ మాట అనేముందు నాకొకటి చెప్పు: ఏ వయల్‌లో ఎన్ని గుడ్లు పడ్డాయి? ఆడ ఈగల్ని వదిలేసి రాత్రంతా పెట్టనిస్తే ఒకదాంట్లో పదుల్లో, ఇంకోదాంట్లో వందల్లో పడతాయి.

పండు ఈగ, అంటే డ్రోసోఫిలా, రెక్కలొచ్చాక పెరగదు. లార్వాగా ఉన్న నాలుగు రోజుల్లో తిన్నదే దాని సైజు. మూడో దశ మొదట్లో ఒక కనీస బరువు అందుకుంటే చాలు, ఆ తర్వాత తిండి దొరక్కపోయినా ప్యూపాగా మారగలదు. కిక్కిరిసిన వయల్‌లోంచి బుల్లి ఈగలు రావడం ఇందువల్లే. ఆ బరువైనా అందనివి లార్వాలుగానే ఉండిపోయి చస్తాయి. బుల్లి ఆడ ఈగ గుడ్లు కూడా తక్కువే పెడుతుంది కనుక తేడా తర్వాతి తరం లెక్కల్లోకీ పాకుతుంది.

తిండి చాలకపోవడం సగం కథే. లార్వా తినేదీ, మసిలేదీ, విసర్జించేదీ ఆ మేతలోనే. ఆ విసర్జనలో ముఖ్యమైనది అమోనియా. మొదటి రోజుల్లో ఉండీ లేనట్టుంటుంది, రోజురోజుకీ పేరుకుంటుంది. ముందు గుడ్డులోంచి వచ్చినవి కాస్త మంచి మేత తిని బయటపడతాయి, వెనకబడ్డ వాటికి తక్కువ మేత, ఎక్కువ విషం. బయటికి ఒకే వయల్, లోపల మాత్రం రెండు వేర్వేరు బతుకులు.

కిక్కిరిసిన వయల్‌ని వెలుతురుకి పట్టి చూడు. మేత పైపొర జావలా మారి ఉంటుంది. లార్వాలు తలలు కిందికి పెట్టి, వెనక కొసన ఉన్న శ్వాసరంధ్రాలు మాత్రం పైకి తేల్చి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. నల్లటి నోటి కొక్కేలు ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి. ఆ కదలిక నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి తినే వేగం కొలుస్తారు. ఎదిగినవి తడిని వదిలి గోడమీద పైపైకి పాకుతాయి. ఆ జావలోనే ప్యూపా అయినవి మునిగి చావడం నువ్వే చూస్తావు.

ఈ ఇరుకు తరాల తరబడి సాగితే ఈగలే మారిపోతాయి. అలా కిక్కిరిసి పెరిగిన వంశాల్లో లార్వాలు వేగంగా తింటాయని శాస్త్రవేత్తలు అమితాభ్ జోషి, లారెన్స్ మ్యూలర్ 1988లో చూపించారు. అమోనియాను తట్టుకునేలా పెంచిన వంశాల్లో తినే వేగం తగ్గింది. ఆ తర్వాత జోషి బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఇదే పని కొనసాగించారు. ఒకటిన్నర మిల్లీలీటర్ల మేతలో ఆరొందల గుడ్లు వేసి పెంచిన వంశంలో తినే వేగం పెరగనే లేదు, ఎదుగుదల మాత్రం త్వరగా ముగిసింది. అంటే ఇరుకులన్నీ ఒకేలాంటివి కావు; గుడ్ల సంఖ్య ఒక్కటే చెబితే సరిపోదు, మేత ఎంత అన్నదీ చెప్పాలి. నువ్వు చదవాల్సిన పేపర్లలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేవి ఇవే.

ఇరుకంటే అంతా నష్టమేననీ అనుకోకు. లార్వాగా ఇరుకులో పెరిగిన ఈగలు వేడిని మెరుగ్గా తట్టుకున్నాయనీ, ఎక్కువ కాలం బతికాయనీ 2001లో సోరెన్సెన్, లోష్కే రాశారు. మరీ కొద్ది లార్వాలున్నా చిక్కే, మేతని కలియబెట్టేవి చాలక బూజు పడుతుంది.

కాబట్టి ఆ రెండు వయల్స్ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టు. ఆడ ఈగల్ని అగర్ పళ్లెం మీద కొద్ది గంటలే ఉంచు. మెత్తటి బ్రష్‌తో గుడ్లు తీసి, ఒక్కో వయల్‌లో ఆరు మిల్లీలీటర్ల మేతకి డెబ్భై చొప్పున వెయ్యి. చీటీ మీద తేదీతో పాటు గుడ్లెన్నో, మేతెంతో రాయి. వేళ్లు నొప్పెడతాయి, కళ్లు లాగుతాయి, అయినా ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పకు. అప్పటికీ సైజులో తేడా మిగిలితే జన్యువుల సంగతి నాకు రాయి, కూర్చుని మాట్లాడుకుందాం.

నీ
పెద్దమ్మ